బరంపురంలో రీసెర్చ్ సెమినార్లు: డిగ్రీ వాళ్లు వెళ్లొచ్చా?

పర్లాకిమిడిలో బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి ఏడు చదువుతున్నానన్నావు, బరంపురంలో వచ్చే నెల జరిగే గణితం, సైన్స్ సెమినార్ల లిస్టు చూశానన్నావు, మాలాంటివాళ్లని రానిస్తారా, వెళ్తే ఒక్క ముక్కయినా అర్థమవుతుందా అని అడిగావు.

వెళ్లు తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. నాదీ మీ వైపే, గుణుపురం. బరంపురంలో ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు రాయగడలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను, వీలైనప్పుడల్లా కొందరిని వెంటబెట్టుకుని వీటికి తీసుకెళ్తుంటాను.

రానిస్తారు. రెండు మూడు రోజుల వర్క్‌షాప్‌కైతే రిజిస్ట్రేషన్ అడుగుతారు గానీ మామూలు సెమినార్‌కి సాధారణంగా అదేమీ ఉండదు. కోఆర్డినేటర్‌కి ముందు రోజు రెండు లైన్ల మెయిల్ పెట్టు, కాలేజీ ఐడీ జేబులో ఉంచుకో, గేటు దగ్గర అడుగుతారు.

ఇక అర్థమవడం సంగతి. లిస్టులో ఉన్నవన్నీ ఒకే రకం కాదు. కొలోకియం అని ఉంటే అది డిపార్ట్‌మెంట్ మొత్తానికి, వేరే శాఖల వాళ్లకి కూడా తెలిసేలా చెప్పే ఉపన్యాసం కాబట్టి అక్కడ మొదలుపెట్టు. ఉత్త సెమినార్ అని ఉంటే ఆ చిన్న శాఖలో పని చేసేవాళ్ల కోసం, మొదటి పావుగంట దాటాక మాకే కష్టం. పీహెచ్‌డీ ప్రీ-సబ్మిషన్ సెమినార్లని మాత్రం వదలొద్దు, అంటే థీసిస్ ఇచ్చే ముందు స్కాలర్ తన ఏళ్ల పనినంతా కమిటీ ముందు చెప్పుకోవాలి, అందుకని పునాది దగ్గర్నుంచి వరసగా చెప్తారు, ఎదురుగా కూర్చున్న ప్రొఫెసర్లు ఎక్కడ పట్టుకుని అడుగుతారో కూడా చూడొచ్చు. నాకు అన్నిటికన్నా ఇవే ఇష్టం. డిగ్రీ వాళ్లయితే ముందు అడిగి వెళ్లడం మంచిది.

వెళ్లే ముందు అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే టాక్ గురించి ముందే ఇచ్చే చిన్న సారాంశంలో, ఒకే ఒక్క నిర్వచనం పట్టుకో. దాన్ని చిన్న అంకెలతో కాగితం మీద చేసి చూడు. మన ఒడిశాకి సంబంధించిన ఉదాహరణే చెప్తాను. రూర్కెలా ఎన్ఐటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన జి.కె. పండా, ఎ. బెహెరాతో కలిసి 1999లో రాసిన పేపర్‌లో బ్యాలెన్సింగ్ నంబర్లు అని ప్రవేశపెట్టారు. 6 తీసుకో. దానికి ముందున్నవి కూడితే 1+2+3+4+5 = 15, తర్వాతివి 7+8 కూడా 15, రెండు వైపులా సమానం, అందుకే 6 బ్యాలెన్సింగ్ నంబర్. తర్వాతది 35: 1 నుంచి 34 దాకా కూడితే 595, 36 నుంచి 49 దాకా కూడినా 595. ఆ తర్వాతది 204, అది 6×35−6. ప్రతిదీ ఇలాగే, ముందుదాన్ని ఆరుతో గుణించి దానికి ముందుదాన్ని తీసేస్తే వస్తుంది. ఇంకోటి కూడా చూడు, ఏ బ్యాలెన్సింగ్ నంబర్ వర్గాన్నైనా 8తో గుణించి 1 కలిపితే మళ్లీ పూర్ణ వర్గమే: 6కి 289, అంటే 17 వర్గం, 35కి 9801, అంటే 99 వర్గం. ఎందుకో నీ డిగ్రీ ఆల్జీబ్రాతోనే తేలిపోతుంది, సాయంత్రం కూర్చుని చెయ్యి. చేస్తే ఎదురయ్యేది పెల్ సమీకరణం, అంటే x² − 8y² = 1 లాంటిది (ఇక్కడ y మన బ్యాలెన్సింగ్ నంబర్), ఏడో శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు పట్టుకున్న లెక్క. ఇంత చేసి వెళ్లినవాడికి డయోఫాంటైన్ సమీకరణాల (పూర్ణసంఖ్యల్లోనే జవాబులు వెతికే సమీకరణాల) మీద టాక్‌లో బోర్డు మీద x² − 8y² = 1 అని రాయగానే తెలిసినవాళ్లు కనబడినట్టుంటుంది, చేసి చూడకుండా వచ్చినవాడు అక్కడే ఆగిపోతాడు.

ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు. టాక్ ఇంగ్లీషులోనే ఉంటుంది, నిజమే, కానీ అందరి ముందూ అడగడానికి నోరు రాకపోతే టీ టైంలో వక్త దగ్గరికే వెళ్లి నువ్వు చేసిన కాగితం చూపించు. చాలామంది ఆగి వింటారు, ఒడియాలోనో హిందీలోనో విడమరిచి చెప్తారు. మావాళ్లలో ఒకమ్మాయి అలా అడిగితే ఆ సారు అక్కడే పెన్ను తీసుకుని ప్రూఫ్ అంతా రాసిచ్చారు.

టాక్‌లు ఎక్కువగా మధ్యాహ్నం పూటే పెడతారు కాబట్టి తిరుగు బస్సు టైం ముందే కనుక్కో. లిస్టులో నంబర్ థియరీ కొలోకియం ఉంటే దాని అబ్‌స్ట్రాక్ట్ ఇక్కడ పెట్టు, ఏం చూసుకుని వెళ్లాలో రాస్తాను.