ఊరి అంచు ఇళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ సంచికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పట్టణాల శివార్లలో స్థలం కొన్నవారు, కొనబోతున్నవారు రాసినవే. అందరికీ పనికివచ్చేవి అనిపించిన నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: నెల్లూరులో పొదలకూరు రోడ్డు వైపు ఒక వెంచర్‌లో 20 అంకణాల స్థలం చూశాము. పంచాయతీ అప్రూవల్ ఉందని, రేపు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రుసుము కట్టుకుంటే సరిపోతుందని ఏజెంటు అంటున్నారు. ధర అందుబాటులో ఉంది. అడ్వాన్సు ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. లేఅవుట్‌కు సాంకేతిక ఆమోదం ఇచ్చే అధికారం గ్రామ పంచాయతీకి లేదు. నెల్లూరు చుట్టుపక్కల ఆ పని నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా)ది, దాని పరిధి దాటితే పట్టణ ప్రణాళికా శాఖది. ఆ ఆమోదం లేకుండా పంచాయతీ పేరు మాత్రమే చెబుతున్నారంటే అది అనధికార లేఅవుట్ అనే అనుకోవాలి. లేఅవుట్ మొత్తం విస్తీర్ణం 500 చదరపు మీటర్లు మించి, ప్లాట్లు ఎనిమిది దాటితే 2016 నాటి చట్టం ప్రకారం రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు తప్పనిసరి కనుక, ఆ నంబరు అడిగి తీసుకుని రెరా వెబ్‌సైటులో మీరే చూడండి. ఆమోదం పొందిన ప్లానులో మీ ప్లాటు నంబరు ఉన్నదా, లేక పార్కుకు వదిలిన స్థలంలో అది పడిందా అన్నది అక్కడే తేలిపోతుంది. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పదో వంతుకు మించి తీసుకోరాదని అదే చట్టం చెబుతున్నది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు కుదరని 22-ఎ నిషేధిత జాబితాలో లేదని నిర్ధారించుకుని, ఈసీతో (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రంతో) పాటు లింకు డాక్యుమెంట్లను (పాత యాజమాన్య పత్రాలను) కూడా న్యాయవాదికి చూపించండి.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ వాన నీటి సంగతి తేలేవరకు ఆగమనే చెబుతాను. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ప్లాట్లు చూపించేదేమో నేల గట్టిగా, గ్రావెల్ రోడ్డు ఎర్రగా మెరుస్తూ ఉండే ఎండాకాలంలో. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోవడం, జాతీయ రహదారి తెగిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి వరద ఎప్పుడో గాని రాదు. కాలనీలను తరచుగా ముంచేది చెరువు కలుజు (నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు) మీదుగా దిగే నీరు, పూడిపోయిన పంట కాలువల నీరు. గ్రామ పటమూ, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలూ తీసుకుని, మీ సర్వే నంబరును ఆనుకుని కాలువ పోరంబోకు గాని డొంక (బండి దారి) గాని ఉన్నదేమో చూడండి. పటంలో ఉన్న కాలువ నేల మీద కనబడకపోతే అది ఏ రోడ్డు కిందో పూడిపోయి ఉంటుంది, గట్టి వాన పడిన రోజున ఆ నీరు మీ వీధిలోకే వస్తుంది. చుట్టుపక్కల పాత ఇళ్ల ప్రహరీ గోడలను కూడా గమనించండి. మోకాలి ఎత్తున అడ్డంగా మట్టి చార కనిపించినా, గేటు లోపల ఇటుకలతో జానెడు ఎత్తు అడ్డుకట్ట కనిపించినా ఇక ఎవరినీ అడగనక్కరలేదు. ఎల్ఆర్ఎస్ కింద ప్లాటు సక్రమమైనా దానితో మురుగు కాలువ రాదు. ధర ఎందుకు అందుబాటులో ఉన్నదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ప్రశ్న: మా మేడ మీద సెల్ టవరు పెడతామని, నెలనెలా మంచి అద్దె ఇస్తామని ఫోను వచ్చింది. ముందుగా ప్రభుత్వ పన్ను కింద కొంత సొమ్ము కట్టమన్నారు. పక్కింటివారు రేడియేషన్ వస్తుందని వద్దంటున్నారు. (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: ఆ ఫోను మోసం. అద్దెకు తీసుకునేవారు మీకు డబ్బు ఇవ్వాలే తప్ప మీ దగ్గర తీసుకోరు. ఇటువంటి పన్నులేవీ తాము వసూలు చేయడం లేదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎన్నోసార్లు ప్రకటించింది. పైసా కూడా పంపకండి.

నిజమైన కంపెనీయే వచ్చిందనుకుందాం. టవరు నుంచి వెలువడే రేడియో తరంగాలకు మన దేశం 2012 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అనుమతిస్తున్నది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ తరంగాలను, పరిమిత ఆధారాలతో, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చునన్న వర్గంలో చేర్చిన మాట వాస్తవమే. అయితే దూరం పెరిగే కొద్దీ తరంగాల తీవ్రత వేగంగా పడిపోతుంది. సిగ్నలు అందని చోట చెవి దగ్గర పెట్టుకున్న ఫోనే ఎక్కువ శక్తితో పనిచేయవలసి వస్తుంది కనుక, టవరును దూరంగా తరిమినంత మాత్రాన భయం తీరదు. సందేహం ఉన్నవారు టెలికాం శాఖవారి తరంగ్ సంచార్ పోర్టల్ ద్వారా రుసుము చెల్లించి కొలత తీయించుకోవచ్చు. నా దృష్టిలో మీ పక్కింటివారు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: మీ శ్లాబు ఆ బరువు మోయగలదా? ఇంజనీరు రాసి ఇచ్చిన ధ్రువపత్రం లేకుండా, డీజిల్ జనరేటరు ఎక్కడ పెడతారో తేలకుండా ఒప్పందం మీద సంతకం చేయవద్దు.

ప్రశ్న: కాలనీలో దొంగతనాలు జరుగుతున్నందున చందాలు వేసుకుని సీసీ కెమెరాలు పెట్టాలనుకుంటున్నాము. (కాలనీ సంఘం తరఫున, కావలి)

జవాబు: మంచిదే గాని ముందు వీధి దీపాలు వెలుగుతున్నాయేమో చూసుకోండి. చీకట్లో కెమెరా తన పరారుణ కాంతితో చిత్రం తీసేటప్పుడు బండి నంబరు ప్లేటు తెల్లటి పలకలా వెలిగిపోయి అంకెలు చదవడానికి రావు. అదే ఖర్చుతో కెమెరాలు రెండు తగ్గించి, మలుపుల దగ్గర దీపాలు పెట్టించడం మేలు. కెమెరా వీధిని చూడాలి, ఎదురింటివారి వాకిలిని కాదు. దొంగలు రికార్డింగు పెట్టెనే ఎత్తుకుపోకుండా దానిని తాళం వేసిన గదిలో ఉంచి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి. దృశ్యాలు ఎవరు చూడవచ్చో, ఎన్నాళ్లు ఉంచాలో సంఘం పుస్తకంలో రాసుకోండి. ఊరికి వెళ్లేవారు స్థానిక పోలీసు స్టేషనులో చెప్పి వెళ్లడం ఎలాగూ అవసరమే.

ప్రశ్న: ఇంటి పన్ను బకాయి ఉందంటూ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వచ్చింది. మా నాన్నగారు దానిని నొక్కి ఇన్‌స్టాల్ చేశారు. (ఒక పాఠకుడు, మార్కాపురం)

జవాబు: వెంటనే ఆ ఫోనులో డేటా, వైఫై ఆపివేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపివేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి, ఎంత త్వరగా చెబితే సొమ్ము మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. అటువంటి యాప్‌లు ఓటీపీలను చదవగలవు కనుక, ముఖ్యమైన ఫొటోలు దాచుకుని ఫోనును పూర్తిగా రీసెట్ చేయించేవరకు అందులో బ్యాంకు పనులు చేయవద్దు. గ్రూపులో ఆ ఫైలు పంపిన నంబరు మీకు తెలిసినవారిదే అయితే వారికి కూడా ఫోను చేసి చెప్పండి. వారి వాట్సాప్ అప్పటికే ఇతరుల చేతుల్లోకి వెళ్లి ఉండవచ్చు.