ప్రోకాల్సిటోనిన్ పెరిగిందా? థైరాయిడ్ సంగతి తర్వాత, ముందు కాలు చూపించండి

ప్రశ్న: నా వయసు 47. ఉండేది గాజువాక. బరువు 96 కిలోలు, ఆరేళ్లుగా షుగర్ ఉంది. నాలుగు రోజులుగా జ్వరం. పరీక్షలో సీఆర్పీ 140, ప్రోకాల్సిటోనిన్ 2.1 వచ్చాయి. అది థైరాయిడ్ హార్మోన్ అని ఒకరు, ఒంట్లో కొవ్వు నుంచి వస్తుందని ఇంకొకరు అంటున్నారు. థైరాయిడ్ స్కాన్ చేయించుకోవాలా? బరువు తగ్గితే ఇది తగ్గుతుందా? కుడికాలు కొంచెం ఎర్రబడి వాచింది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వాడుతున్నాను.

జవాబు: ఆఖర్న రాసిన కాలు సంగతే మీరు మొదట రాయాల్సింది. షుగర్ ఉన్నవారికి జ్వరంతో పాటు కాలు ఎర్రబడి వాచిందంటే చర్మం కింద ఇన్ఫెక్షన్ పాకుతోందేమోనని అనుమానించాలి. చూడకుండా కచ్చితంగా చెప్పలేను. కానీ ఈ అంకెలు నాకు నచ్చలేదు. సీఆర్పీ, ప్రోకాల్సిటోనిన్ రెండూ ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే రక్తపరీక్షలు, మీకు రెండూ బాగా పెరిగాయి. స్కాన్ కోసం తిరగకుండా ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి.

మీకు చెప్పిన ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. మామూలు రోజుల్లో ప్రోకాల్సిటోనిన్ థైరాయిడ్‌లోని కొన్ని కణాల్లో తయారై, అక్కడే కాల్సిటోనిన్ అనే హార్మోన్‌గా మారుతుంది. రక్తంలోకి వచ్చేది అత్యల్పం. బ్యాక్టీరియా ఒంట్లో చేరితే మాత్రం చాలా అవయవాలు దాన్ని తయారుచేస్తాయి. మనిషి కొవ్వు కణాలు కూడా చేస్తాయని 2003లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు చూపించారు. దాన్ని కాల్సిటోనిన్‌గా మార్చే ఏర్పాటు ఆ కణాలకు లేదు. అందుకని ఉన్నదున్నట్టు రక్తంలోకి వదిలేస్తాయి. వైరల్ జ్వరాల్లో ఇది సాధారణంగా అంతగా పెరగదు.

కొవ్వు నుంచే ఐఎల్-6 అనే పదార్థమూ వస్తుంది. అది లివర్‌ చేత సీఆర్పీ తయారు చేయిస్తుంది. ఇన్సులిన్ పనికీ అడ్డుపడుతుంది. జ్వరంలో షుగర్ ఎగబాకడానికి ఇదీ ఒక కారణం. బరువు తగ్గడం మంచిదే, అది నెలల పని. ఇప్పుడు ప్రోకాల్సిటోనిన్ దిగాలంటే ఇన్ఫెక్షన్ తగ్గాలి.

ఇక ఆ మాత్రలు. పేరు రాయలేదు, ఎన్ని వేసుకున్నారో రాయలేదు. మొన్న ఒకాయన చొక్కా జేబులోంచి స్ట్రిప్ తీసి చూపించారు. రెండు రోజులు వేసుకుని, జ్వరం జారిందని మిగతావి దాచుకున్నారట, "మళ్లీ వస్తే పనికొస్తాయి కదండీ" అని. సగం కోర్సుతో జ్వరం తగ్గినట్టు అనిపించవచ్చు, లోపల మాత్రం పాకుతూనే ఉండొచ్చు. వాటిలో స్టెరాయిడ్ కూడా ఉంటే జ్వరం కనబడదు, షుగర్ మాత్రం పెరిగిపోతుంది. చదువుకున్నవారే ఇలా చేస్తుంటే కోపం రాదా చెప్పండి!

బయలుదేరే ముందు ఎరుపు ఎంతవరకు ఉందో దాని అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైం వేయండి. వేళ్ల సందుల్లోనూ చూడండి. మన విశాఖ ఉక్కపోతలో రోజంతా బూట్లు వేసుకుంటే అక్కడ ఒరిసి, చాలాసార్లు ఇన్ఫెక్షన్ అక్కడినుంచే మొదలవుతుంది. గీత దాటి ఎరుపు పాకినా, బొబ్బలు లేచినా, చర్మం నల్లబడినా, వణుకు, ఆయాసం, మగత వచ్చినా, మూత్రం తగ్గినా ఓపీ లైన్లో నిలబడొద్దు. నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అయినా సరే, దగ్గర్లో ఉన్న మరో పెద్దాసుపత్రి అయినా సరే.

షుగర్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఇలాంటి జ్వరంలో కొన్నింటిని ఆపి ఇన్సులిన్ ఇవ్వాల్సి రావచ్చు, అది చూసిన డాక్టరు చెప్పాలి. రిపోర్టులతో పాటు మెడికల్ షాపు మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవి కూడా, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.