110 మంది పిల్లలున్న ఆల్టర్నేటివ్ స్కూల్లో 8 శాతం అంటే ఎంతమంది?

ప్రశ్న: శాన్ హోసే దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి, క్రెడిట్లలో (పాసైన కోర్సులకు వచ్చే పాయింట్లు) వెనకబడ్డాడు. 110 మంది మాత్రమే ఉన్న ఒక ఆల్టర్నేటివ్ పబ్లిక్ హైస్కూల్‌కి మారమని కౌన్సెలర్ అంటున్నారు. అక్కడ లెక్కల్లో పాసైనవాళ్లు 8 శాతం, గ్రాడ్యుయేషన్, అంటే హైస్కూల్ పూర్తిచేసినవాళ్లు 60 శాతం, పేద పిల్లలు 75 శాతం. ఏషియన్ గడిలో అంకె లేదు, నక్షత్రం గుర్తుంది. పంపొచ్చా?

జవాబు: ముందు ఆ 8 శాతాన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. కాలిఫోర్నియా హైస్కూళ్లలో లెక్కలు, ఇంగ్లిష్ రాష్ట్ర పరీక్ష రాసేది పదకొండో తరగతి ఒక్కటే. ఆ తరగతిలో 30 మంది ఉండి 25 మంది పరీక్షకు కూర్చుంటే, 8 శాతం అంటే ఇద్దరు పిల్లలు. ఇంకొక్కడు గట్టెక్కితే అది 12 శాతం. వచ్చే ఏడు ఐదుగురు పాసైతే 20 శాతం. టీచర్లు మారలేదు, పుస్తకాలు మారలేదు, అయినా స్కూలు రెండున్నర రెట్లు బాగుపడినట్టు కనిపిస్తుంది. ఇంత చిన్న స్కూల్లో ఒక్క ఏడాది శాతం దేనికీ పనికిరాదు. మూడేళ్లవి తీసుకుని, పాసైనవాళ్లను, రాసినవాళ్లను విడివిడిగా కూడి, అప్పుడు భాగించండి.

నక్షత్రం గుర్తు సంగతి కూడా ఇదే. పది మంది లేదా అంతకంటే తక్కువ మంది రాస్తే ఫలితం దాచేస్తారు, ఏ పిల్లాడి మార్కులో బయటపడకుండా. స్కూళ్ల పనితీరును రంగుల్లో చూపే రాష్ట్ర డాష్‌బోర్డ్‌లో రంగు రావాలంటే మామూలుగా 30 మంది ఉండాలి. అంచేత మనవాళ్లుండే ఏషియన్ గడి ఖాళీగా ఉంటే మనవాళ్లు ఫెయిలయ్యారని కాదు, పట్టుమని పదకొండు మంది లేరని. ఉన్నా ఆ గడిలో తెలుగు, తమిళ, చైనా, వియత్నాం పిల్లలందరూ కలిసే ఉంటారు. ఫిలిప్పీన్స్ వాళ్లకు మాత్రం కాలిఫోర్నియా వేరే గడి పెట్టింది.

అసలు చూడాల్సింది పిల్లల రాకపోకలు. రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటు డేటాక్వెస్ట్‌లో స్కూలు పేరు కొట్టి రెండు సంఖ్యలు తీయండి. ఒకటి సెన్సస్ డే నాటికి స్కూల్లో నమోదై ఉన్న పిల్లల సంఖ్య, అంటే అక్టోబర్ మొదటి బుధవారం నాటిది. రెండోది క్యుములేటివ్ ఎన్‌రోల్‌మెంట్, ఏడాది మొత్తంలో అక్కడ చేరినవాళ్లందరూ. మొదటిది 110 ఉండి రెండోది 190 ఉంటే ఆ స్కూలు బస్టాండు లాంటిది, పదిమందిలో నలుగురికి పైగా మధ్యలో ఎక్కినవాళ్లో దిగినవాళ్లో. పక్కనే స్టెబిలిటీ రేటు ఉంటుంది: కనీసం 245 రోజులు వరుసగా అదే స్కూల్లో ఉన్నవాళ్ల శాతం. అది తక్కువగా ఉంటే లెక్కల మార్కులు ఈ స్కూలు నేర్పినదాన్ని కాదు, పిల్లలు వెంట తెచ్చుకున్న వెనకబాటును చూపిస్తున్నాయి.

గ్రాడ్యుయేషన్ రేటుకీ ఇదే తంటా. తొమ్మిదో తరగతిలో మొదలై నాలుగేళ్లలో పూర్తిచేసినవాళ్లను లెక్కిస్తారు, విద్యార్థిని చివర చదివిన స్కూలు ఖాతాలో వేస్తారు. మూడేళ్లు పెద్ద స్కూల్లో క్రెడిట్లు పోగొట్టుకుని, పన్నెండో తరగతిలో ఇక్కడికొచ్చి, ఐదో ఏడు డిప్లొమా తీసుకున్నవాడు ఆ లెక్కలో తప్పినవాడే. అందుకే నాలుగేళ్ల రేటు పక్కన ఐదేళ్ల రేటూ చూడండి. ప్రిన్సిపాల్‌ని సూటిగా అడగండి: పోయినేడు పన్నెండో తరగతిలో ఉన్నవాళ్లలో ఎందరికి డిప్లొమా వచ్చింది? ఒక పిల్లాడు సగటున సెమిస్టర్‌కి ఎన్ని క్రెడిట్లు సంపాదిస్తున్నాడు? రెండో ప్రశ్నకు అంకె చెప్పలేని స్కూలు మీద నాకు నమ్మకం ఉండదు. వాళ్ల పనే అది.

పేద పిల్లలు 75 శాతం అన్నది చూసి భయపడకండి. ఆ గడిలో ఉచిత, తగ్గింపు ధర భోజనానికి అర్హత ఉన్నవాళ్లతో పాటు తల్లిదండ్రులిద్దరూ హైస్కూల్ పూర్తిచేయనివాళ్లూ, ఫోస్టర్ పిల్లలూ (సొంత ఇంటికి దూరంగా వేరేవాళ్ల సంరక్షణలో పెరిగేవాళ్లు), ఇల్లు లేనివాళ్లూ కలుస్తారు. 2022-23 నుంచి రాష్ట్రంలో అందరికీ భోజనం ఉచితమే కాబట్టి, తినేవాళ్ల సంఖ్యకూ దీనికీ సంబంధం లేదు. పైగా ఆదాయం తక్కువున్నవాళ్లు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లు, ఫోస్టర్ పిల్లలు ఎక్కువైతే డిస్ట్రిక్ట్‌కి రాష్ట్రం అదనపు డబ్బిస్తుంది. అది ఈ స్కూలుదాకా వస్తోందా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఒక కౌన్సెలర్‌కి ఎంతమంది పిల్లలో కనుక్కుంటే తెలిసిపోతుంది.

ఇంకో మాట. ఆల్టర్నేటివ్ అనే పేరు కింద రెండు రకాలున్నాయి. కూపర్టినో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఫారియా, మెక్‌ఆలిఫ్ కూడా ఆల్టర్నేటివ్ స్కూళ్లే, అక్కడికి తల్లిదండ్రులు కోరి పంపుతారు. మీ కౌన్సెలర్ చెప్పింది కంటిన్యుయేషన్ హైస్కూల్ అయ్యుంటుంది: 16 నిండినవాళ్లకు, వారానికి కనీసం 15 గంటల చదువు. ఇళ్లు అమ్మే వెబ్‌సైట్లలో కనిపించే పదికి ఇన్ని అనే రేటింగుతో ఈ రెంటినీ పోల్చడం అర్థం లేని పని.

మీరు నిజంగా భయపడాల్సిన చోటు వేరే ఉంది. డిప్లొమాకు రాష్ట్రం అడిగే కనీసం 13, ఒక్కోటి ఏడాది పొడవు కోర్సు; డిస్ట్రిక్ట్ ఇంకా ఎక్కువ అడుగుతుంది. రాష్ట్ర యూనివర్సిటీలైన యూసీ, కాల్ స్టేట్‌లో నేరుగా చేరాలంటే ఏ-జీ కోర్సులు (ఆ యూనివర్సిటీలు ప్రవేశానికి అడిగే హైస్కూల్ కోర్సులు) 15 కావాలి. చిన్న స్కూల్లో ల్యాబ్ ఉన్న సైన్సు, ఆల్జీబ్రా 2, రెండో ఏడు విదేశీ భాష చాలాసార్లు ఉండవు. ఉన్నా ఆ కోర్సు యూసీ ఆమోదించిన జాబితాలో లేకపోవచ్చు. యూసీ వెబ్‌సైట్లో ఆ స్కూలు పేరుతో జాబితా వెతికి, మీ వాడి ట్రాన్స్‌క్రిప్ట్ (ఇప్పటిదాకా చదివిన కోర్సులు, గ్రేడ్ల పట్టిక) పక్కన పెట్టి, మిగిలిన కోర్సులు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకోండి. ఖాళీలు మిగిలితే కమ్యూనిటీ కాలేజీలో ఆ కోర్సు చేయనిస్తారా, దాని క్రెడిట్లు కలుపుతారా అని చేరకముందే రాతపూర్వకంగా అడగండి. క్రెడిట్లు నిండాక మళ్లీ పాత స్కూలుకు రానిస్తారా అన్నదీ అదే ఉత్తరంలో రాయండి.