కంపెనీకి నేసిన చేతులు

ప్రశ్న: మా ముత్తాతల తాతలు "కంపెనీ బట్టలు" నేసేవారని ఇంట్లో చెబుతారు. అంటే ఈస్టిండియా కంపెనీలో కూలీలా?
– ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: మొదటి నూటయాభై ఏళ్ళు మాత్రం కూలీలు కారండీ. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో కొఠీలు, అంటే వర్తక స్థావరాలు, తెరిచారు. అక్కడ ఉన్నవి గిడ్డంగులే, నేత అంతా సాలెవీధుల్లోనే. కంపెనీ వర్తకుడికి, వర్తకుడు నేతగాడికి బయానా ఇచ్చేవారు. నేతగాడు ఆ డబ్బుతో నూలు, ఇంటికి గింజలు కొనుక్కునేవాడు. మగ్గం అతనిదే, నూలూ అతనిదే కాబట్టి అప్పగించేదాకా నేసిన బట్ట తాను కూడా అతనిదే. బయానా తిరిగి కట్టేస్తే ఒప్పందం తీరిపోయినట్టు. ఎక్కువిచ్చేవాడికి అమ్ముకోవచ్చు. పాలకొల్లులో డచ్చివారు, యానాంలో ఫ్రెంచివారు, ఇంజరం, మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు పోటీపడి కొన్నన్నాళ్ళూ ఆ హక్కుకు విలువుండేది.

1765–66లో ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా జిల్లాలు, ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాక కొనేవాడే పాలకుడయ్యాడు. బయానా తిరిగివ్వడం కుదరదన్నారు. ఇతరులకు నేస్తే శిక్ష. వీధిలో బంట్రోతును కాపలా పెట్టి, వాడి బత్తెం నేతగాడి నెత్తినే వేశారు. మగ్గం ఇంట్లోనే ఉంది, పని మాత్రం కూలిపని అయిపోయింది. నా దృష్టిలో అసలు దెబ్బ ఇదే. మిల్లుబట్ట రాకముందే పడింది. 1790ల చివర గోదావరి ప్రాంతపు నేతగాళ్ళు మూకుమ్మడిగా ఎదురు తిరిగారంటే ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: బట్ట నాణ్యం ఎలా తేల్చేవారు? పేచీ ఎక్కడ వచ్చేది?
– ఒక పాఠకుడు, చీరాల

జవాబు: పుంజాల లెక్క మీద. పుంజమంటే పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఇన్ని పోగులని ఒక కట్ట. పన్నా (బట్ట వెడల్పు) మారదు గనుక పుంజాలు పెరిగేకొద్దీ బట్ట సన్నం, ధర ఎక్కువ. ఎగుమతి బట్టల్లో లాంగ్‌క్లాత్ అనే రకం తాను 35 గజాలకు పైనే ఉండేది, సాలెంపూరు అనే రకం సుమారు అందులో సగం. కొఠీలో మాదిరి గుడ్డ పక్కన పెట్టి చూసి, మొదటి రకం, రెండో రకం అని విడగొట్టేవారు.

చిక్కంతా ధర ముందే ఖాయం కావడంలో ఉంది. వానలు తప్పి పత్తి, బియ్యం ప్రియమైతే బయానా నూలుకే చాలదు. అప్పుడు నేతగాడు పేక (అడ్డపోగు) పలచగా కొట్టి, గంజి దట్టంగా పట్టించేవాడు. చేతికి గట్టిగానే తగులుతుంది, చాకిరేవుకు వెళ్ళి గంజి దిగాక జల్లెడలా తేలిపోతుంది. దాన్ని మోసమని కొఠీ పుస్తకాల్లో రాసుకున్నారు. పూట గడవని ధర కట్టినవాళ్ళ మాటేమిటి?

ఆలస్యానికి వాన మరో కారణం. పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో పోగు పోగూ విడదీస్తూ ఆరబెట్టాలి. జల్లు పడితే పోగులు అంటుకుంటాయి, మగ్గమెక్కాక తెగుతాయి. గుంట మగ్గంలోకీ నీరొస్తుంది. అందుకే వానాకాలంలో గడువులు తప్పేవి.

ప్రశ్న: ఈ పనిలో ఆడవాళ్ళ భాగమెంత?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: సగానికి పైనే అనాలి. ఒక్క మగ్గానికి నూలందించాలంటే ఎన్నో రాట్నాలు తిరగాలి. దక్కను నుంచి లంబాడీల ఎద్దుల మీద పత్తి వచ్చేది. దాన్ని ఏకి, వడికినవాళ్ళు దాదాపు అందరూ స్త్రీలే. సాలె ఇళ్ళవాళ్ళే కాదు, కాపు ఇళ్ళవాళ్ళు, మాలపల్లివాళ్ళు కూడా వడికేవారు. కండెలు చుట్టడం, పడుగు సాగదీయడం ఇంటి ఆడవాళ్ళ, పిల్లల పని. బయానా మాత్రం మగవాడి పేరునే. ముతకబట్ట నేసిన మాల నేతగాళ్ళు ఊరందరికీ కట్టుబట్ట ఇచ్చినా, ఎగుమతి సరుకు కాదు కాబట్టి కొఠీ లెక్కల్లోకి పెద్దగా ఎక్కలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మరనూలు దిగినప్పుడు మగ్గం కొంతకాలం నిలదొక్కుకుంది. ముందు ఆగిపోయింది ఈ ఆడవాళ్ళ రాట్నమే.