తగ్గినట్టే తగ్గి తిరగబెడుతున్న దురద, తెల్లబట్ట

ప్రశ్న: నా వయసు 44. ఆరేళ్లుగా మధుమేహం ఉంది. గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. నాలుగు నెలల క్రితం డాక్టరుగారు దానికి తోడు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర రాశారు. అప్పటినుంచి ఇప్పటికి మూడుసార్లు జననాంగం దగ్గర విపరీతమైన దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట వచ్చాయి. మందుల షాపులో ఇచ్చిన మాత్ర వేసుకుంటే తగ్గి, నెల తిరిగేసరికి మళ్లీ మొదలవుతోంది. ఒంట్లో వేడి వల్లనే అని మా అత్తగారు అంటున్నారు. శుభ్రత చాలదేమోనని నేను యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో రోజుకు రెండుసార్లు కడుక్కుంటున్నాను. ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీరు రాసిన లక్షణాలు కాండిడా అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఈస్ట్ ఇన్‌ఫెక్షన్‌కు సరిపోతున్నాయి. ఇది వేడి వల్ల వచ్చేది కాదు, శుభ్రత లోపం వల్ల అసలే కాదు. నలుగురు స్త్రీలలో దాదాపు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే సమస్య ఇది. తెల్లబట్టతో ఎముకలు కరిగిపోతాయని ఇప్పటికీ కొందరు భయపెడుతుంటారు. అందులో నిజం లేదు.

కాండిడా చాలామందిలో ఏ హానీ చేయకుండా కొద్దిపాటిగా ఉంటూనే ఉంటుంది. మీ విషయంలో అది పెచ్చుపెరగడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉందని నా అనుమానం. డాపాగ్లిఫ్లోజిన్ రక్తంలోని చక్కెరను మూత్రపిండాలు తిరిగి పీల్చుకోకుండా ఆపి మూత్రంలోకి పంపేస్తుంది కాబట్టి, ఆ తడి తగిలే చోట శిలీంధ్రానికి కావలసినంత ఆహారం దొరుకుతుంది. అలాగని మాత్రను మీ అంతట మీరు మానవద్దు. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మందు అది. కొనసాగించాలా, మార్చాలా అన్నది మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష చూసి మీ డాక్టరుగారు నిర్ణయిస్తారు.

షాపులో ఇచ్చినది బహుశా ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర అయి ఉంటుంది. మామూలు ఇన్‌ఫెక్షన్‌కు ఆ ఒక్క మోతాదు గాని, యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలు గాని సరిపోతాయి. ఏడాదిలో మూడుసార్లు వచ్చిందంటే మాత్రం చికిత్స వేరు: మూడు రోజులకొకటి చొప్పున మూడు మోతాదులు, ఆపై వారానికొకటి చొప్పున ఆరు నెలలు ఇవ్వడం పద్ధతి. అయితే ఫ్లూకొనజోల్ వల్ల రక్తంలో గ్లిమెపిరైడ్ స్థాయి పెరిగి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, గ్లిమెపిరైడ్ వాడుతున్నట్టు డాక్టరుకు తప్పక చెప్పండి. గర్భం వచ్చే అవకాశం ఉంటే అదీ చెప్పాలి; గర్భిణులకు నోటి మాత్ర ఇవ్వరు, క్లోట్రిమజోలే వాడతారు.

యాంటీసెప్టిక్ నీళ్లు ఈ రోజే ఆపేయండి. అవి చర్మాన్ని మండించడమే కాక, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ యోనిని కాపాడే లాక్టోబాసిల్లస్ బాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. పైభాగాన్ని మామూలు నీటితో కడిగి, పొడిగా తుడుచుకుని, వదులైన నూలు లోదుస్తులు వేసుకుంటే చాలు. మీ వారికి దురద, ఎరుపు లేకపోతే ఆయనకు మందు అవసరం లేదు.

తెల్లబట్టలన్నీ ఒకటి కావు. పలుచగా, బూడిద రంగులో, చేపల వాసనతో ఉంటే అది బాక్టీరియల్ వజైనోసిస్. దానికి మెట్రోనిడజోల్ వాడాలి. పసుపుపచ్చగా, నురగగా ఉంటే లైంగికంగా సోకే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అప్పుడు భార్యాభర్తలిద్దరికీ మందు తప్పదు. పొత్తికడుపు నొప్పి, జ్వరం, నెలసరి కాని రక్తస్రావం ఉంటే ఆలస్యం చేయకండి.

ఈసారి దురద మొదలవగానే, మాత్ర వేసుకోకముందే స్త్రీవైద్య నిపుణురాలి దగ్గర స్వాబ్ (దూదిపుల్లతో తీసే స్రావం నమూనా) పరీక్షకు ఇవ్వండి. కాండిడాలో గ్లాబ్రాటా అనే రకం ఫ్లూకొనజోల్‌కు సరిగా లొంగదు. మందు వేసుకున్నాక పరీక్ష చేస్తే అసలు రకం దొరకకపోవచ్చు.