అంకెలు చదవడం గురించి ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష తేటగా ఉంది. అయితే అందులో ఒక కంపెనీ గురించి నువ్వు రాసినదంతా దాని వార్షిక నివేదికలోని మొదటి పది పేజీల నుంచి వచ్చినదే. చైర్మన్ సందేశం, నవ్వుతున్న ఉద్యోగుల ఫొటోలు, పైకి ఎగబాకే గీతలు ఉండే ఆ పేజీలను కంపెనీ తన ఇష్టంతో రాసుకుంటుంది. వెనక చిన్న అక్షరాల్లో ఉండే లెక్కల వివరణలను, అంటే నోట్సును మాత్రం చట్టం అడుగుతుంది కనుక రాస్తుంది. అందుకే నేను వెనక నుంచి చదువుతాను: ముందు ఆడిటర్ నివేదిక, తర్వాత నోట్సు, ఆపైన నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, ఓపిక మిగిలితే చైర్మన్‌గారు.

ఇలాంటి చదువు అలవాటు కావాలంటే, 2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు, కంపెనీ ఖాతాల్లో దొంగ లెక్కలు చూపామని ఒప్పుకుంటూ తన బోర్డుకు రాసిన లేఖను ముందు పెట్టుకో. ఆ లేఖలో అందరికీ గుర్తున్నది పులి మాట. పులి మీద స్వారీ చేస్తూ, దానికి ఆహారం కాకుండా దిగడం ఎలాగో తెలియని స్థితి అని ఆయన పోల్చారు. రచయితవు కనుక నీ కన్ను కూడా అక్కడే ఆగుతుంది. ఆ పోలిక చేసే పనిని గమనించు. చదువరి దృష్టి దిగలేకపోవడం మీద నిలిచిపోయి, అసలు పులిని ఎక్కింది ఎవరన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

పోలికను పక్కన పెట్టి అంకెల దగ్గరికి రా. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ప్రకటించిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు, అసలుది 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. కాగితం మీద రెండు తీసివేతలూ చేసి చూడు, రెండింటికీ 588 కోట్లే వస్తాయి. అంటే కల్పిత ఆదాయానికి ఎదురుగా కల్పిత ఖర్చేమీ రాయలేదన్నమాట. లేని రాబడి మొత్తం లాభంగా మారి, అక్కడి నుంచి బ్యాంకు నిల్వ అనే పేరు పెట్టుకుంది. నిజానికి 3 శాతమే ఉన్న మార్జిన్, అంటే ఆదాయంలో లాభం వాటా, 24 శాతంగా కనిపించింది ఇందువల్లనే. ఇది లేఖలో దాచిన సంగతేమీ కాదు, నాలుగు అంకెలూ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు నిల్వ సంగతి. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపగా అందులో 5,040 కోట్లు లేనివే. వాటికి తోడు రావాల్సిన వడ్డీగా చూపిన 376 కోట్లు కూడా లేవు. డబ్బు ఉందన్నాక వడ్డీ కూడా చూపక తప్పదు కదా! ఆస్తులు, అప్పులు చూపే బ్యాలెన్స్ షీట్‌లో గుడ్‌విల్ అనే మంచిపేరు విలువ మీదో పాత బకాయిల మీదో ఎంతసేపైనా వాదించవచ్చు గాని, బ్యాంకు నిల్వ మీద వాదన ఉండదు, బ్యాంకును నేరుగా అడిగితే తేలిపోతుంది. అందరూ అనుమానించనవసరం లేదనుకునే వరుసలోనే బొంకు కూర్చుంది.

తప్పు ఒప్పుకునే పత్రంలోనూ రాసినవాడి పక్షం ఉంటుందని మరచిపోకు. కంపెనీ నుంచి తాను ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని ఆ లేఖలోనే ఉంది. 2014లో షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ మాత్రం ఆయనా మరికొందరూ అక్రమ లాభం పొందారని తేల్చి, దాన్ని తిరిగి కట్టమంది. ఎంత కట్టాలన్న దాని మీద తర్వాత కూడా వాదనలు నడిచాయి.

సాంకేతిక పత్రాల్లో ఇంత నాటకం ఉండదు, ప్రమాదం కొలమానాల్లో ఉంటుంది. 1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. భూమి మీద నడిచే ఒక సాఫ్ట్‌వేర్ నౌకలోని చిన్న ఇంజన్ల (థ్రస్టర్ల) ప్రభావాన్ని పౌండ్ల లెక్కలో ఇవ్వగా, నావిగేషన్ బృందం దాన్ని మెట్రిక్ కొలత అయిన న్యూటన్ల లెక్కగా తీసుకుంది. రెండింటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. మెట్రిక్ కొలతలే వాడాలని ముందే కుదుర్చుకున్న పత్రంలో స్పష్టంగా ఉంది.

నవ్వేముందు నా సంగతి విను. పాతికేళ్ల క్రితం ఒక సంస్థ నివేదికను తెలుగు చేస్తూ, పట్టిక నెత్తిన చిన్నగా ఉన్న ‘లక్షల్లో’ అన్న మాటను చూడక, మొత్తం ఆదాయాన్ని కోట్లలో రాసి అచ్చుకు పంపాను. పేరాలను నాలుగుసార్లు దిద్దాను గాని పట్టిక తలకట్టును ఒక్కసారైనా చదవలేదు. అప్పటి నుంచి ఏ పట్టిక కనబడినా ముందు దాని నాలుగు మూలలూ చూస్తాను.

నీ వ్యాసంలో ‘లాభం 40 శాతం పెరిగింది’ అని ఉంది. ఏ ఏడాదితో పోల్చితే? ఆ ఏడాది లాభం మామూలుగానే ఉందా, పడిపోయి ఉందా? భూమి అమ్మిన డబ్బేదైనా ఇందులో కలిసిందా? లాభం పెరిగిన ఏడాదే వ్యాపారం నుంచి చేతికి వచ్చిన నగదు కూడా పెరిగిందా? ఇవి నోట్సులో, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో దొరుకుతాయి. ఆ నివేదికను ఈసారి చివరి పేజీ నుంచి చదివి, ఏ అంకె ఏ పేజీలో దొరికిందో అంచున రాసి, వ్యాసంతో పాటు దాన్నీ పంపు. దసరా లోపు చూసి పంపుతాను.

ఆశీస్సులతో.