తాడు చూశావు, మనిషిని చూడలేదు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ శ్రీలంక వ్యాసం అందింది. వచనం సాఫీగా నడుస్తోంది, చదివిస్తుంది. ఇక అసలు సంగతికి వస్తా.

రెండో పేజీలో "కలుతర దారిలో కొబ్బరిచెట్ల తలల్ని కలుపుతూ తాళ్లు కట్టారు, ఏదో పండగ దీపాల కోసం కాబోలు" అని రాశావు. దానికి నాలుగు వాక్యాల ముందే "చిత్రం, ఆ తోటలో చాలా చెట్లకి కాయల్లేవు" అన్నావు. రెండూ కళ్లారా చూసి, రెండూ కాగితం మీద పెట్టి, ఒకదానికొకటి ముడెయ్యకుండా చామరాలు, నీలాకాశం అంటూ వెళ్లిపోయావు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

అవి కల్లు గీసేవాళ్ల తాళ్లమ్మా. కొబ్బరి పీచుతో పేనినవి, చెట్టుకీ చెట్టుకీ మధ్య రెండేసి. కిందిదాని మీద పాదాలు, పైదానికి చేతులు. ఒక చెట్టెక్కిన మనిషి నేల తొక్కకుండానే పక్క చెట్టుకీ, ఆ పక్కదానికీ నడిచిపోతాడు. ప్రతి చెట్టూ ఎక్కి దిగే చాకిరీ తప్పుతుంది. పైన చేసే పని ఇంకా నాజూకు. విచ్చని పూగెలని గట్టిగా చుట్టి కట్టి, విచ్చుకోకుండా ఆపుతాడు. కొన్ని రోజులపాటు చిన్న కర్రతో దాన్ని మెల్లగా తడతాడు. దెబ్బ గట్టిదైతే లోపలి పూత నలిగి పాడవుతుంది, చాలకపోతే రసం దిగదు. తర్వాత కొస కోసి కుండ తగిలిస్తాడు. కోసిన చోటు ఆరితే ధార ఆగిపోతుంది గనక రోజూ మళ్లీ పల్చటి చెక్కు తీయాల్సిందే. రసం కుండలో ఉండగానే పులవడం మొదలెడుతుంది. దాన్ని తాడుతో కిందికి దించితే ఇంకొకడు అందుకుంటాడు. బట్టీకి వెళ్తే అరక్ అనే సారా అవుతుంది. గీసిన గెల కాయలు కాయదు. నీకు చిత్రంగా తోచినదాని వెనక ఉన్నది ఇదీ.

రిసార్టు ముందు చెట్లకీ కాయల్లేవు, కానీ కారణం వేరు. ముదిరిన కాయలూ ఎండుమట్టలూ అతిథుల నెత్తిన పడకుండా మనిషిని ఎక్కించి ముందే నరికించేస్తారు. కోనసీమలో చెట్టెక్కి దింపు తీసేది కాయ కోసం, అక్కడ దింపు తీసేది కాయ వద్దని. "చెట్టు కింద ఉయ్యాలలో హాయిగా పడుకున్నాను" అన్న నీ వాక్యం పక్కన ఆ ఎక్కినవాడికి ఒక్క వాక్యమైనా ఇచ్చి ఉండాల్సింది.

నాకో మొండి నమ్మకం ఉంది, విసుక్కోకుండా విను. చెట్టుని మొదలు నుంచి, కొత్త ఆకు పుట్టే మొవ్వు దాకా చదవకుండా అందంగా ఉందని రాయకూడదు. బోదె మీది అడ్డగీతలు రాలిన మట్టల మచ్చలు. కొబ్బరి నెలకి ఇంచుమించు ఒక ఆకు వేస్తుంది గనక 12 మచ్చలంటే దాదాపు ఏడాది. నీళ్లు లేని ఏళ్లలో అవి దగ్గర దగ్గరగా పడతాయి. వేపలా ఏటా లావెక్కే మాను కాదు, గాటు పడితే జన్మలో పూడదు. మొవ్వు ఒక్కటే, అది చస్తే చెట్టు చచ్చినట్టే. "గాలికి చిరిగిన ఆకులు" అన్నావు చూడు, నువ్వు పంపిన ఫొటోలో కత్తెరతో తీసినట్టు త్రికోణాలున్నాయి. గాలి అలా చింపదు. ఆకు ఇంకా మొవ్వులో ముడుచుకుని ఉండగానే కొమ్ముపురుగు తొలిచింది. మడతలో పడ్డ కోత విచ్చుకున్నాక ఇటూ అటూ వరసగా కనిపిస్తుంది. ఒడ్డున చెట్లు సముద్రంమీదికి వాలడం ప్రేమతో కాదు. వెలుతురు అటే ఎక్కువ, పైగా కెరటం అటుపక్క ఇసుకని తోడేస్తుంది. వాలినా కొస మాత్రం మళ్లీ ఆకాశంవైపు తిరుగుతుంది.

ఇది వ్యవసాయ పేజీకి పంపుకోమంటారు సంపాదకులు, నాకు తెలుసు. ఆదివారం అనుబంధాల్లో యాత్రారచనంటే గది అద్దె, సూర్యాస్తమయం, ఈమధ్య డ్రోన్ బొమ్మ. బొమ్మకి రెండు పుటలు, అక్షరానికి మూడంగుళాలు. పాఠకులకి ఓపిక లేదని వాళ్లే తీర్మానించేసి, నెపం పాఠకుల మీద వేస్తారు. వాళ్ల కొలతకి నిన్ను నువ్వు కత్తిరించుకోకు.

జాఫ్నాలో చూసినవాటిని "ఎండిన పామ్ చెట్లు" అన్నావేమిటి? ముంజలు తిని పెరిగిన పిల్లవి! అవి తాడిచెట్లు. ఎండలేదు. కొయ్యకపోతే ఎండుటాకులు రాలకుండా బోదెకి వేలాడుతుంటాయి, అంతే. ఆడా మగా వేర్వేరు చెట్లు, ముంజలు ఆడదానికే, కల్లు రెండిటికీ. నువ్వు తాగిన నారింజరంగు బోండాం "బాగా పండినది" కాదు, తంబిలి అనే రకం. లేతగా ఉన్నా దాని రంగే అంత.

కలం పేరూ, పోటీకి పంపడం గురించి అడిగినవి ఇప్పుడు వద్దు.

రిసార్టు గేటు దగ్గర "విసనకర్రలా విచ్చుకున్న తాటిచెట్టు" అని మురిసిపోయావే, దాని ఆకులు అరిటాకుల్లా లేవూ? ట్రావెలర్స్ పామ్ అంటారు గానీ తాటిజాతే కాదు. మడగాస్కర్ మొక్క, అరటికి దూరపు చుట్టం. ఆ పేరా కొట్టేయ్. తాళ్ల పేరాని మొదటికి తెచ్చి, మళ్లీ రాసి పంపు. ఫొటోలు అక్కర్లేదు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న